జక్కయ్య లెక్క

“మీ వాళ్ళు పరిశుద్ధ జీవితం, పరిశుద్ధ జీవితం అని మాటిమాటికీ అంటుంటారు గదా, అంటే ఏమిటి సార్? సినిమాలు మానెయ్యడమా?” అని మన సంఘ సభ్యులొకరు నన్నడిగారు. వెక్కిరింపుగా అడగలేదు. వారి పక్కింట్లో క్రైస్తవ కుటుంబం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా సంక్రాంతికి, క్రిస్మసుకు పలహారాలు ఇచ్చి పుచ్చుకుంటున్నారు. అయినా ఈ సంగతి వాళ్ళనెప్పుడూ అడగలేదట. మొహమాటం.

ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ నామినేషన్లు, వీలునామాలు, డిపాజిట్ల మీద వడ్డీ లాంటివే రాస్తూ వచ్చాను. ఈసారి వారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు రాస్తాను. బి.కాం. చదివి, సర్వీసంతా పద్దులు చూస్తూ గడిపినవాణ్ణి కనుక జవాబులో కూడా పద్దులే కనిపిస్తాయి. బోధకులు చెప్పే తీరులో ఉండదు. పాఠకులు మన్నించాలి.

మన ఇళ్ళల్లో మడి అంటే తెలియనివారు లేరు. స్నానం చేసి, ఆరేసిన బట్ట దండెం మీంచి కర్రతో తీసి కట్టుకుని, వంటా పూజా అయ్యేదాకా ఎవరికీ తగలకుండా ఉండడం. బైబిల్లోని పరిశుద్ధం అనే మాటకు హెబ్రీ భాషలో వేరుగా ఉంచడం, ప్రత్యేకించడం అనే అర్థం ఉంది. కాబట్టి మడికీ దానికీ ఎక్కడో చుట్టరికం ఉన్నట్టే. ఆ చుట్టరికం వల్లనే కాబోలు, మా సంఘాల్లో కూడా పరిశుద్ధత తరచు మడి వేషం వేసుకుంటుంది. బొట్టు తియ్యడం, నగలు వదలడం, తెల్లచీర, సినిమా మానడం, బీడీ మానడం, సారాయి మానడం. ఇవి వద్దని నేననను. సారాయి మానిన ఇంట్లో ఏడాది తిరిగేసరికి పాసుపుస్తకం ఎలా మారుతుందో కౌంటరు వెనక కూర్చున్నవాడికి తెలిసినంతగా బోధకులకు కూడా తెలియదు. కాకపోతే గమనించండి, ఇవన్నీ డబ్బు మిగిల్చే పరిశుద్ధతలు. జమ వైపు పద్దులు. ఖర్చు వైపు రాయవలసిన పరిశుద్ధత ఇంకొకటి ఉంది. దాని గురించి సాక్ష్యాల కూటాల్లో తక్కువగా వింటాం. నేను రాయదలచుకున్నది దాని గురించే.

ముందుగా జక్కయ్య కథ. తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. లూకా సువార్త 19వ అధ్యాయంలో ఉంది. యెరికో పట్టణంలో సుంకం వసూలు చేసేవాళ్ళకు ఈయన పెద్ద. రోమా పాలకుల తరఫు వసూలు కాబట్టి ఊళ్ళో గౌరవం లేదు, డబ్బు మాత్రం ఉంది. మనిషి పొట్టి. యేసు ఆ దారిన వెళ్తుంటే జనంలో కనబడక మేడిచెట్టెక్కి కూర్చున్నాడు. యేసు చెట్టు కింద ఆగి, పేరు పెట్టి పిలిచి, ఈ పూట బస మీ ఇంట్లోనే అన్నాడు. ఊరంతా గొణుక్కుంది. అప్పుడు జక్కయ్య నిలబడి రెండు సంగతులు చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకు ఇచ్చేస్తానన్నాడు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే దానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఆదివారం ప్రసంగాల్లో మేడిచెట్టు దగ్గర ఉన్నంతసేపు ఈ లెక్క దగ్గర ఉండరు. నాకు లెక్క దగ్గరే కాళ్ళు ఆగిపోతాయి. ఆయన ఆస్తి నూరు రూపాయలు అనుకోండి. సగం దానం పోగా మిగిలింది 50. ప్రతి అన్యాయపు రూపాయికీ నాలుగు చొప్పున ఇవ్వాలి గనుక ఆ 50తో తీర్చగలిగేది పన్నెండున్నర రూపాయలే. అంటే మొత్తం ఆస్తిలో ఎనిమిదో వంతు. ఆయన అన్యాయార్జితం అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ ఉన్నా దివాలాయే. ఊరివాళ్ళు అనుకున్నంత చెడ్డవాడైనా కాకపోయి ఉండాలి, లేకపోతే దివాలాకు సిద్ధపడైనా ఉండాలి. సువార్త ఆ సంగతి చెప్పదు.

ఇంకొక సంగతి. మోషే ధర్మశాస్త్రంలో, తన తప్పు తానే ఒప్పుకుని తిరిగి ఇచ్చేవాడు అసలు మీద అయిదో వంతు కలిపి ఇస్తే చాలు. గొర్రెను దొంగిలించి అమ్మేసినవాడికైతే నాలుగింతలు. జక్కయ్య తనకు వర్తించే రాయితీ వదులుకుని, దొంగకు వేసే జరిమానా తన మీద తానే వేసుకున్నాడు. యేసు ఆయన్ని ఇంత ఇవ్వు అని అడగలేదు. ఇంటికి వస్తానన్నాడు, అంతే.

తిరుమలలో నిలువుదోపిడి మొక్కు తెలిసినవాళ్ళం మనం. సగం ఆస్తి ఇచ్చెయ్యడం మనకంత వింత కాదు. మన జిల్లాల్లోనే కైవారం తాతయ్యగారు గాజుల వ్యాపారం వదిలిపెట్టి గుహలో తపస్సుకు కూర్చున్నారు. వారి తెలుగు పదాలు ఇప్పటికీ మన ఊళ్ళలో భజనల్లో పాడుతున్నారు. దేవుడికివ్వడం, వదిలి వెళ్ళడం మన ఎరుకలో ఉన్నవే. జక్కయ్య చేసింది వేరు. ఊరు వదల్లేదు. ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్ళ గడప ఎక్కి, ముఖం చూసి, లెక్క చెప్పి ఇవ్వాలి. హుండీలో వెయ్యడం కంటే ఇది కష్టం. అలా చేసిన మనిషిని నేను ఒకరినే చూశాను. చూసింది కామసముద్రంలో.

కామసముద్రం తెలియనివారికి: బంగారుపేట నుంచి రైల్లో కుప్పం వైపు వెళ్తే వచ్చే స్టేషను. బంగారుపేట తాలూకాలో హోబళి కేంద్రం. ఒక పక్క ఆంధ్ర, ఒక పక్క తమిళనాడు సరిహద్దులు. సంతలో మూడు భాషలు వినబడతాయి. రాగి, టమాటా, మల్బరీ ప్రధానం. ఏనుగులు సరిహద్దు అడవిలోంచి దిగి ఒక్క రాత్రిలో టమాటా తోట తొక్కేసి పోతే, పొద్దున్నే రైతు మొదట వచ్చేది బ్యాంకుకే. 2010 నుంచి మూడేళ్ళు అక్కడ పనిచేశాను. కోలారు గనులు అక్కడికి దగ్గరే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక వాటి మీద బతికిన కుటుంబాలు చాలా చెదిరిపోయాయి. ఉన్న ఊరు వదలలేనివాళ్ళు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరులో కూలికి వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళు.

మా తాత చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చి ఛాంపియన్ రీఫ్‌లో పనిచేసినవాడు. షిఫ్టు ముగిసి పైకి వస్తే ఒళ్ళంతా వెతికి గాని బయటికి పంపేవాళ్ళు కారట. బంగారం రాయి ఒక్క ముక్క కూడా బయటికి పోకూడదు. కూలివాళ్ళ వేలిముద్రలు తీసి నమోదు చెయ్యాలని కంపెనీ పట్టుబట్టినందుకు 1930లో పెద్ద సమ్మె జరిగింది. వెతికే మనిషి ఉన్నచోట దొంగతనం చెయ్యకపోవడం ఏమంత గొప్ప అని మా తాత నవ్వేవాడు. ఎవ్వరూ వెతకనిది ఇంట్లో నోటుపుస్తకం.

కామసముద్రం దగ్గరి పల్లెలో ఒక విధవరాలు ఉండేది. అరవై దాటిన మనిషి. భర్త గనిలో పనిచేసి పోయాడు. రెండెకరాల మల్బరీ, ఇద్దరు కొడుకులు. ఆమె చెయ్యి అప్పులకు పేరు పడింది. నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీ. చుట్టుపక్కల అది మామూలు ధరే, ఆమె ఎవరినీ తిట్టిందీ లేదు, గిన్నెలు ఎత్తుకొచ్చిందీ లేదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ సంఘంలో సభ్యురాలు. దశమభాగం తప్పేది కాదు. ఒకసారి ఉజ్జీవ కూటాల్లో ఎవరో జక్కయ్య గురించి చెప్పారట. ఆ తర్వాత వారానికి నల్ల అట్ట నోటుపుస్తకం పట్టుకుని సాయంత్రం బ్యాంకు మూసే వేళకు వచ్చింది.

“సార్, ఈ దుడ్డుకి మీ బ్యాంకులో అయితే వడ్డీ ఎంత పట్టుండేది?” అని అడిగింది.

నేను మొదట అప్పు కోసం వచ్చిందనుకున్నాను. సంగతి తెలిశాక ఆఫీసు పని ముగించి, ఇది బ్యాంకు పని కాదు కాబట్టి బయట బెంచీ మీద కూర్చుని లెక్క కట్టాం. నగల మీద అప్పు రేటు సుమారుగా తీసుకుని ఏడాదికి నూటికి పన్నెండు, అంటే మన వాడుకలో రూపాయి వడ్డీ అనుకుందామన్నాను. సరేనంది. పదివేలు రెండేళ్ళు వాడుకున్నవాడు ఆమెకు కట్టిన వడ్డీ పన్నెండు వేలు. రూపాయి వడ్డీ ప్రకారం కట్టవలసింది రెండువేల నాలుగు వందలు. తేడా తొమ్మిదివేల ఆరు వందలు. అలా ముప్ఫై ఒక్క పేర్లు. మూడు సాయంత్రాలు పట్టింది. మొత్తం తేడా రెండు లక్షల పదహారు వేలు తేలింది.

అన్నట్టు, వడ్డీ విషయంలో మన పెద్దలూ ఊరుకోలేదు. ఎంతకాలమైనా ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలుకు మించరాదన్నది పాత హిందూ ధర్మశాస్త్ర నియమం. కోర్టుల్లో దాన్ని దామ్‌దుపట్ అంటారు. మోషే ధర్మశాస్త్రమైతే బీద సహోదరుడి దగ్గర అసలు వడ్డీయే తీసుకోవద్దంటుంది. కర్ణాటకలో వడ్డీ వ్యాపారుల చట్టం 1961లో వచ్చింది, అధిక వడ్డీని నిషేధించే చట్టం 2004లో వచ్చింది. పల్లెలో నోటుపుస్తకం దాకా ఏదీ రాలేదు.

లెక్క అయ్యాక ఆమె నోరెత్తలేదు. చాలాసేపటికి, “నాలుగింతలు నా చేత కాదు సార్. ఉన్నదున్నట్టు ఇచ్చేస్తా,” అంది.

భర్త పేరు మీద వచ్చిన డబ్బు ఒక డిపాజిట్టుగా ఉంది. అది గడువుకు ముందే తీసింది. రెండు గాజులు అమ్మింది. మిగతాది పట్టుగూళ్ళ డబ్బు వచ్చినప్పుడల్లా కొంత. ఏడాదిన్నర సాగింది ఈ పని. అందరూ సంతోషించి ఉంటారని పాఠకులు అనుకుంటే పొరపాటు. ఒకాయన తీసుకుని, ఇంత తేలిగ్గా ఇచ్చిందంటే ఇంకెంత దాచిందో అని ఊరంతా చెప్పాడు. ఇంకొక ముసలాయన ససేమిరా తీసుకోలేదు. “ఆ పొద్దు నువ్వు దుడ్డు ఇచ్చుండకపోతే నా బిడ్డ ఆస్పత్రిలోనే పోయుండు. ఇంగేం లెక్కమ్మా” అన్నాడట. ఏడుగురు దొరకనేలేదు. గనులు మూతపడ్డాక బెంగళూరుకో హోసూరుకో వెళ్ళిపోయినవాళ్ళు. వాళ్ళ డబ్బు వేరే ఖాతా తెరిచి అందులో వేసింది. మందిరానికి పైకప్పు వేస్తున్న రోజులు. దొరకనివాళ్ళ డబ్బు కానుకగా ఇవ్వవచ్చునని, సంఖ్యాకాండంలో అటువంటి ఏర్పాటు ఉందని సంఘం అయ్యగారు సౌమ్యంగానే చెప్పారు. అది నిజమే, కాకపోతే అక్కడ చెప్పింది పుచ్చుకోవడానికి బంధువు కూడా లేనప్పటి మాట. ఆమె ఒప్పుకోలేదు. “అది సంఘం దుడ్డు కాదయ్యగారూ, వాళ్ళది. వాళ్ళు యాడో ఒకచోట ఉండారు గదా,” అంది.

వచ్చిన చిక్కు ఊరితో కాదు, ఇంటితో. పెద్దకొడుకు ఒక శనివారం నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. బెంగళూరులో ఫిట్టరు. రోజూ రైలు. చెమట బట్టలతోనే ఉన్నాడు.

“మాయమ్మకు లెక్క కట్టిచ్చింది మీరే గదా సార్?”

“అవునప్పా. ఆమె అడిగింది, కట్టాను.”

“ఆ వడ్డీతోనే నేను ఐటీఐ చదివింది. ఇప్పుడు నా బిడ్డ ఫీజుకి దాచింది పోయింది. పరిశుద్ధత ఆయమ్మకి, ఖర్చు మాకా?”

నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పాను. కాఫీ తెప్పించాను, తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నను నేనిప్పటికీ తోసిపుచ్చలేను. డిపాజిట్టు చట్టప్రకారం ఆమెది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. చట్టం సంగతి కాదు అతను అడిగింది. తల్లి లెక్కలో సరిపోయిన పద్దు కొడుకు ఇంట్లో లోటుగా తేలింది. జక్కయ్యకు భార్యాబిడ్డలున్నారో లేరో, ఆ సాయంత్రం వాళ్ళేమన్నారో లూకా రాయలేదు.

తెలుగు క్రైస్తవుల చరిత్ర తిరగేస్తే ఈ ప్రశ్న మొదటి రోజు నుంచీ ఉన్నదే. ఒంగోలు ప్రాంతం తీసుకోండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర పేరు చాలామంది విన్నారు. ఆయన కంటే ముందు చెప్పుకోవలసిన మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. అంతకుముందే రాజయోగం సాధన చేసినవాడు, అంటే దేవుణ్ణి వెతకడం ఆయనకు కొత్త కాదు. తోళ్ళ బేరానికి ఉత్తరాదికి వెళ్ళినప్పుడు అక్కడ క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకుని, తన ఊరికి వెళ్ళి తనవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే.

అక్కడి పల్లెల్లో కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పనిచెయ్యకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి ఇవి కూడా మడి నియమాల్లాగే ఉన్నాయి. ఒక్కొక్కదాని ధర ఎంతో చూస్తే తప్ప అర్థం కావు.

ఊళ్ళో పశువు చస్తే తీసుకెళ్ళడం మాదిగవాడి పని. తోలుతో రైతుకు చెప్పులు, బావి బొక్కెనలు, పలుపులు కుట్టి ఇవ్వాలి. మాంసం ఆ కుటుంబానికి తిండి. కరువు ప్రాంతంలో అది చిన్న సంగతి కాదు. అదొక విధంగా జీతంలో భాగం. అది తినం అనడం జీతంలో కొంత వదులుకోవడం. జాతరలో డప్పు కొట్టం అనడం ఊరు ఇచ్చే గింజలు వదులుకోవడం. ఇక ఆదివారం. కోతల రోజుల్లో రైతుకు ఆదివారమేమిటి, సోమవారమేమిటి? ఈ రోజు రానన్న కూలివాడికి రేపు పని ఉంటుందా? ఊరి పెద్దలకు కోపం రావడానికి మతం ఒక్కటే కారణం కాదు. ఊరి ఏర్పాటులో ఒక మేకు కదిలింది. అడిగితే కాదనని మనిషి మొదటిసారి కాదన్నాడు. ఆ కాదన్నదానికి ఆ వారం పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళల్లో పిల్లలున్నారు. నియమం ఒప్పుకున్నది తండ్రి, పస్తున్నది అందరూ.

ఖర్చు మిషనరీ వైపు కూడా పడింది. క్లౌ దంపతుల బడికి బ్రాహ్మణుల పిల్లలు వస్తుండేవారు. అంటరానివాళ్ళుగా చూడబడుతున్న ఈ విశ్వాసుల్ని చేర్చుకుంటే మేము రామన్నారు. భార్యాభర్తలిద్దరూ వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో దేవుడు లోకం ఎన్నికచెయ్యనివాళ్ళను ఏర్పరచుకున్నాడన్న చోటు. బైబిలు తెరిచి దారి చూసుకునే ఈ పద్ధతి మీద నాకంత నమ్మకం లేదు. ఏది ఏమైనా, పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోతే పోనీ అని పేదవాళ్ళను ఉంచుకున్నారు. బడి ఖాళీ అయింది.

అంతకంటే నాకు నచ్చేది 1876-78 కరువు నాటి సంగతి. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ భాగాన్ని క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని, కరువులో చచ్చిపోతున్నవాళ్ళకు పని కల్పించాడు. కూలి సక్రమంగా చేతికి అందేలా తన బోధకులనే పైన పెట్టాడు. ఆ గుడిసెల మధ్య రోజూ బోధ జరుగుతూనే ఉంది. వేలమంది బాప్తిస్మం అడిగారు. సుమారు పదిహేను నెలలపాటు ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారేమోనని. కూలి పనీ కరువు సాయమూ ముగిసి, ఇక తన దగ్గర ఇచ్చేదేమీ లేదని అందరికీ తెలిశాక 1878లో మొదలుపెట్టాడు. జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా పుస్తకాలన్నీ ఈ 2,222 అంకెను గొప్పగా చెబుతాయి. నేనైతే ఆ ముందరి సున్నాలను లెక్కిస్తాను. నివేదికలు పంపవలసిన మనిషి, అంకెలు పెంచుకునే అవకాశం చేతిలో ఉండగా, పదిహేను నెలలు సున్నా రాశాడు. టార్గెట్లు తెలిసిన బ్యాంకు ఉద్యోగులకు ఇది ఎంత కష్టమో విడమరచి చెప్పనక్కర్లేదు.

అదే కరువు కోలారులోనూ అనాథల్ని మిగిల్చింది. ఆన్‌స్టీ దొరసాని వాళ్ళను చేరదీసి పెట్టిన ఆశ్రమం 1890లో మెథడిస్టు మిషను చేతికి వచ్చింది. 1910లో మొదలైన కోలారు ఇ.టి.సి.ఎం. ఆస్పత్రి ఆ మిషనుదే. మన పాఠకుల్లో అక్కడ పుట్టినవాళ్ళు కొందరైనా ఉంటారు.

ఇక చివరి సంగతి సున్నితమైనది. రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే పైన రాసినదంతా పాతకాలపు కథ అయిపోతుంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్ళకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. ఆంధ్రలో వాళ్ళు బి.సి.-సి కిందికి వస్తారు. దాని వాటా ఒక శాతం. హోదా మతంతో ముడిపెట్టకూడదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. ఇదే విషయం పరిశీలించడానికి 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసంలో కొనసాగుతూ రిజర్వేషన్ కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు చెప్పింది.

చట్టం సంగతి ఇలా ఉంటే, బ్యాంకు కౌంటరు దగ్గర ఇది రెండు పేర్లుగా కనబడుతుంది. బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రికార్డు పేరు ఒకటి. దరఖాస్తులో మతం గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగుతుంది. బల్ల అవతల కూర్చుని ఆ ఆగడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ళను అబద్ధికులు అనడం తేలిక. ఊళ్ళో ఆ మనిషి కులం బాప్తిస్మంతో పోలేదు; హోటల్లో గ్లాసు పోలేదు, అద్దె ఇల్లు దొరకలేదు. పోయింది ఫీజు రాయితీ ఒక్కటే. నిజం రాస్తే నష్టం, రాయకపోతే మనస్సాక్షి. ఇటువంటి గడిని పేదవాడి ముందు పెట్టి, నువ్వు పరిశుద్ధంగా బతుకు అనడం నాకు న్యాయంగా తోచదు. అయితే గడి ఉన్నంతకాలం అందులో ఏదో ఒకటి రాయక తప్పదు గదా.

సరిహద్దుకు అవతల కుప్పం వైపు నుంచి మా శాఖకు వచ్చే అన్నదమ్ములు ఇద్దరుండేవారు. ఇద్దరూ గోడలు కట్టే మేస్త్రీలు. ఇద్దరూ ఒకే సంఘం, ఆదివారం ఒకే బెంచీ. పిల్లల సర్టిఫికెట్ల దగ్గర అన్న ఒకలా రాయించాడు, తమ్ముడు ఉన్నదున్నట్టు క్రైస్తవుడనే రాయించాడు. అన్న కొడుకు స్కాలర్‌షిప్పు మీద చదువుకున్నాడు. తమ్ముడి కూతురికి నర్సింగులో సీటు వచ్చింది, ఫీజు పూర్తిగా కట్టాలి. దీని గురించి అన్నదమ్ములు పోట్లాడుకోవడం నేను వినలేదు. తమ్ముడి కూతురి అప్పు పత్రాల మీద జామీను సంతకం పెట్టింది ఆ అన్నే.

అప్పు ఇచ్చేముందు పద్ధతి ప్రకారం ఆ అమ్మాయిని కూడా పిలిపించాను. పద్ధెనిమిది నిండిన పిల్ల. ఆ సర్టిఫికెట్టు మీద సంతకం ఆమెది కాదు, తండ్రిది. తీర్చవలసింది మాత్రం ఆమె. ఆ మాట తెలుసా అమ్మా అని అడిగాను.

“తెలుసు సార్. నాయన రాసేముందు నన్ను అడిగినాడు,” అంది.

అప్పు లక్షా అరవై వేలు. 2012లో తీసుకున్నది. మూడేళ్ళ చదువు, ఒక ఏడాది గడువు, అయిదేళ్ళ వాయిదాలు. నేను బదిలీ మీద వెళ్ళిపోయిన చాలా కాలానికి, 2021లో చివరి వాయిదా కట్టి ఫోను చేసింది. వడ్డీ లక్షకు దగ్గరగా అయిందట.